ఒక మందు చీటీ చరిత్ర

మా ఇంటి కుక్క పేరు చిట్టి. జాతి కుక్క కాదు. ఒక వానాకాలపు రాత్రి మా గడప ఎక్కి, తెల్లారినా దిగకుండా ఉండిపోయిన వీధికుక్క. దానికి ఆరేళ్ళ వయసప్పుడు ఒకనాడు అన్నం ముట్టలేదు. మర్నాడు లేవలేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పడింది.

పశువైద్యుడు ముందు నెత్తురు తీసి గొట్టంలో తిప్పించాడు. కుక్క నెత్తురులో ఎర్రకణాల వాటా నూటికి 37 నుండి 55 దాకా ఉండాలట. చిట్టికి 14 ఉంది. తరువాత ఆయన ఒక గాజు పలక మీద నెత్తురు చుక్క వేసి, దానికి ఉప్పునీటి చుక్క కలిపి, దీపానికి ఎదురుగా పట్టుకొని అటూ ఇటూ వంచాడు. సాఫీగా పారవలసిన ఎర్రనీరు విరిగిన పాలలా పలుకులు పలుకులుగా జారింది. "చూశారా సార్, దీని ఎర్రకణాలను దీని ఒళ్ళే పట్టి చంపుతోంది" అన్నాడు.

ఆయన రాసిచ్చిన చీటీలో మూడు మందులు ఉన్నాయి: ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్, డాక్సీసైక్లిన్. ఇంటికి వచ్చేసరికి రెండో చీటీ ఒకటి తయారైంది. అది కాగితం మీద లేదు. ఇరుగుపొరుగువారి నోళ్ళలోనూ, బంధువుల ఫోన్లలోనూ, కొంత నా మనసులోనూ ఉంది: పసుపు, అతిమధురం, బొప్పాయి ఆకు రసం, వెల్లుల్లి. మొదటిది ఇంగ్లీషు వైద్యమని, రెండోది సహజ వైద్యమని మేమందరం మాటల్లోనే గీత గీసేసుకున్నాం. ఆ గీతను నమ్మి నేను చేసిన పొరపాటు వల్ల చిట్టి రెండోసారి చావు దాకా వెళ్ళింది. ఆ సంగతి తరువాత చెబుతాను. ఆ తరువాత కొన్ని నెలలపాటు, రాత్రిళ్ళు దాని పక్కన కూర్చొని, రెండు చీటీల చరిత్రా చదివాను. నేను గీత గీసిన చోట గీత లేదు. చదువరులకు చెప్పదలచుకున్నది ఆ చరిత్రే.

కథ మేకలతో మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో జర్మన్ శాస్త్రవేత్త పౌల్ ఎర్లిక్ మేకలకు ఇతర మేకల నెత్తురు ఎక్కించి చూశాడు. పరాయి మేక ఎర్రకణాలను పగలగొట్టే ప్రతిరక్షకాలు పుట్టాయి గాని, సొంత కణాలను పగలగొట్టేవి పుట్టలేదు. శరీరానికి తనను తాను విషమయం చేసుకోవడమంటే ఒక భయం ఉన్నదని, దానిని అడ్డుకొనే ఏర్పాటు ఏదో లోపల ఉండి తీరాలని ఆయన 1901లో ప్రతిపాదించి, దానికి 'హారర్ ఆటోటాక్సికస్' అని లాటిన్ పేరు పెట్టాడు. తెలుగులో ఆత్మవిషభీతి అనుకోవచ్చు. ఏర్పాటు ఉన్నదని ఎర్లిక్ అన్నాడు. ఆ ఏర్పాటు ఎన్నటికీ చెడదని తరువాతివారు అర్థం చేసుకొన్నారు. పెద్దల మాట పిల్లల చేతుల్లో శాసనమైపోవడం మన దగ్గరే కాదు, అక్కడా ఉంది.

మూడేళ్ళు తిరక్కుండానే ఆ శాసనానికి అపవాదం దొరికింది. వియన్నాలో డోనాత్, లాండ్‌స్టయినర్ అనే ఇద్దరు 1904లో ఒక వింత జబ్బును వివరించారు. చలిలో తిరిగి వచ్చిన రోగికి ఎర్రటి మూత్రం పడుతుంది. అతని నెత్తురులోనే, అతని ఎర్రకణాలను చల్లదనంలో అంటిపెట్టుకొని తరువాత పగలగొట్టే పదార్థం ఉన్నదని వారు చూపారు. ఈ లాండ్‌స్టయినరే రక్తవర్గాలను కనిపెట్టినవాడు. అంతటివాడు చూపినా, అది ఒక విడ్డూరమైన రోగంగా పక్కన ఉండిపోయింది తప్ప, శరీరం తనమీద తానే తిరగబడగలదన్న ఆలోచన వైద్యుల బుర్రలకు ఎక్కడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

ఎక్కించినవారిలో ముఖ్యుడు ఒక పశువైద్యుడు కావడం నాకు ఎంతో నచ్చిన విషయం. రాబిన్ కూంబ్స్ 1921లో లండన్‌లో పుట్టి, దక్షిణాఫ్రికాలో పెరిగి, ఎడింబరోలో పశువైద్యం చదివి, యుద్ధకాలంలో కేంబ్రిడ్జికి వచ్చాడు. అప్పట్లో రక్తవర్గాల పరిశోధకులను ఒక చిక్కు వేధిస్తోంది. కొన్ని ప్రతిరక్షకాలు ఎర్రకణాలను అంటుకుంటాయి గాని గుంపుకట్టించవు. అంటుకున్నాయో లేదో కంటికి తెలిసే దారి లేదు. శత్రువుల విమానాల భయంతో దీపాలు మసకచేసిన రైలులో లండన్ నుండి కేంబ్రిడ్జికి తిరిగి వస్తూ ఉండగా కూంబ్స్‌కు తట్టింది: ప్రతిరక్షకం కూడా ఒక మాంసకృత్తే కదా! మనిషి గ్లోబ్యులిన్‌ను కుందేలుకు ఎక్కిస్తే, కుందేలు ఆ గ్లోబ్యులిన్ మీద ప్రతిరక్షకం తయారుచేస్తుంది. దానిని తెచ్చి అనుమానమున్న ఎర్రకణాల మీద వేస్తే, కణాల మీద అంటుకొని ఉన్న ప్రతిరక్షకాలను చేతులుగా పట్టుకొని కణాన్నీ కణాన్నీ ముడివేస్తుంది. గుంపుకట్టిందంటే దొంగ దొరికినట్టే. మూరంట్, రేస్ అనే సహచరులతో కలిసి ఆయన దీనిని 1945లో ప్రచురించాడు. ఇటలీకి చెందిన మొరెస్కి ఇదే సూత్రాన్ని 1908లోనే చెప్పి ఉన్నాడని తరువాత తెలిసినప్పుడు ఆ గౌరవాన్ని ఆయనకు ఇవ్వడానికి కూంబ్స్ వెనకాడలేదు. అయినా పరీక్షకు కూంబ్స్ పేరే నిలిచింది.

మరుసటి ఏడే ఈ పరీక్షతో మనుషుల్లో కొన్ని రకాల రక్తహీనతకు కారణం సొంత ప్రతిరక్షకాలేనని తేలింది. కుక్క దగ్గరకు రావడానికి మరో పదకొండేళ్ళు పట్టింది. మనిషి గ్లోబ్యులిన్ కోసం చేసిన ద్రవం కుక్కకు పనికిరాదు. కుక్క గ్లోబ్యులిన్‌తో మళ్ళీ మొదటినుంచి చేసుకోవాలి. మిల్లర్, స్విషర్, యంగ్ అనే అమెరికా పరిశోధకులు 1957లో ఒక కుక్కలో ఈ జబ్బును వర్ణించారు. పశువైద్యుడు కనిపెట్టిన పరీక్ష పశువును చేరడానికి మనుషుల ఆసుపత్రుల మీదుగా చుట్టుతిరిగి రావలసి వచ్చిందన్న మాట.

ఆ మధ్యకాలంలోనే అమెరికాలోని బఫెలోలో విటెబ్‌స్కీ, నోయెల్ రోజ్ కుందేళ్ళకు వాటి థైరాయిడ్ గ్రంథి సారాన్నే ఎక్కించి, వాటి గ్రంథి మీద అవే దాడిచేసుకొనేట్టు చేయగలిగారు. విటెబ్‌స్కీ ఎర్లిక్ శిష్యపరంపరలోనివాడు. తాతగురువు మాటను కాదనవలసి రావడం ఆయనకు అంత తేలిక కాలేదు. అటు తరువాత కుక్కల మీద కూడా అదే ప్రయోగం చేశారు.

ఇక చీటీలోని మొదటి మందు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్ళవాతం రోగులను చూసేవాడు. 1929లో ఒక రోగికి కామెర్లు వచ్చి, దానితోపాటు కీళ్ళనొప్పులు మాయమయ్యాయి. కొందరు స్త్రీలకు గర్భం వచ్చినప్పుడూ అలాగే తగ్గడం గమనించాడు. శరీరంలోనే పుట్టే ఏదో పదార్థం ఈ పని చేస్తోందని ఆయన ఊహ. అదే సంస్థలో ఎడ్వర్డ్ కెండాల్ అనే రసాయనవేత్త పశువుల అధివృక్క గ్రంథులనుండి ఒక్కొక్క సమ్మేళనాన్నీ విడదీసి అక్షరాలతో పేర్లు పెడుతున్నాడు. వాటిలో 'ఇ' అక్షరం గలది తరువాత కార్టిసోన్ అయింది. గ్రంథులనుండి వచ్చేది రవ్వంత. అందుకని మెర్క్ కంపెనీలో లూయిస్ సారెట్ ఎద్దు పైత్యరసం నుండి తీసిన ఆమ్లంతో మొదలుపెట్టి, ముప్ఫైకి పైగా మెట్లలో దానిని తయారుచేశాడు. 1948 సెప్టెంబరు 21న, మంచం దిగలేని స్థితిలో ఉన్న 29 ఏళ్ళ స్త్రీకి తొలి సూది ఇచ్చారు. కొద్ది రోజుల్లో ఆమె నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లాండులో ఇదే పనిచేసిన రైక్‌స్టయిన్ నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఎద్దు పైత్యరసం ఎంతని దొరుకుతుంది? రసెల్ మార్కర్ అనే మొండి రసాయనవేత్త మెక్సికో అడవుల్లోని ఒక పెండలం జాతి దుంప నుండి స్టెరాయిడ్లు చేసే దారి వేశాడు. 1952లో అప్‌జాన్ కంపెనీ పరిశోధకులు ఆ దారిలోని కష్టమైన మెట్టును ఒక బూజు చేత చేయించారు. 1955లో షెరింగ్ కంపెనీనుండి ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్ వచ్చాయి. పశువు గ్రంథి, ఎద్దు పైత్యం, అడవి దుంప, బూజు: ఇదీ ఆ తెల్లటి చిన్న మాత్ర వంశవృక్షం. దీనిని కృత్రిమమని దూరం పెట్టి, సీసాలో వచ్చే పసుపు సారాన్ని సహజమని దగ్గరకు తీయడానికి ఏ తర్కం ఉందో ఇప్పుడు ఆలోచిస్తే నాకు తోచడం లేదు.

ఇక్కడే నా పొరపాటు చెప్పాలి. మూడు వారాల్లో చిట్టి లేచి తిరిగింది. కాని అది మునుపటి చిట్టి కాదు. బిందె బిందె నీళ్ళు తాగేది, ఇంట్లోనే మూత్రం పోసేది, గిన్నె నాకి నాకి మళ్ళీ అన్నం అడిగేది, పొట్ట జారింది, రాత్రంతా రొప్పేది. మందు దానిని తినేస్తోందనుకొన్నాను. నెత్తురు వాటా 36కు వచ్చింది కదా అని ఒక ఉదయం ఎవరినీ అడగకుండా మాత్రలు మూడూ ఆపేసి, పసుపు, అతిమధురం పొడి మొదలుపెట్టాను. అయిదో రోజున వాంతులు. ఆరో రోజున కూలబడింది. చిగుళ్ళు మళ్ళీ తెల్లబడ్డాయి.

బయటినుండి స్టెరాయిడ్ అందుతూ ఉంటే శరీరంలోని అధివృక్క గ్రంథి పని మానుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే బయటిదీ ఉండదు, లోపలిదీ ఉండదు. ఈ సంగతి ఎప్పుడు తెలిసిందో చూస్తే నాకు సిగ్గేసింది. కెండాల్, ఇంగిల్ కలిసి 1937లోనే ఎలుకల మీద చూపారు: గ్రంథిసారం ఎక్కువగా ఇస్తే ఎలుక గ్రంథి ఎండిపోతుంది. అంటే తొలి రోగికి తొలి సూది ఇవ్వడానికి పదకొండేళ్ళ ముందే మందు ఎలా ఆపాలన్న హెచ్చరిక అచ్చయి ఉంది. నేను చదివింది మాత్రం ఆ మందు చెడు గుణాల జాబితా ఒక్కటే. జాబితాలో ప్రతి మాటా నిజమే. ఆపే పద్ధతి అందులో లేదు.

పశువైద్యుడు నన్ను తిట్టలేదు. "తగ్గిద్దాం సార్, తప్పకుండా తగ్గిద్దాం. మూడేసి వారాలకు నాలుగో వంతు చొప్పున, నెత్తురు చూసుకొంటూ" అని మాత్రం అన్నాడు.

రెండో మందు అజాథయోప్రిన్‌కు కుక్కల దగ్గర తీర్చుకోలేనంత అప్పు ఉంది. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ రక్తక్యాన్సర్ కోసం 1951 ప్రాంతంలో 6-మెర్కాప్టోప్యూరిన్ అనే పదార్థాన్ని చేశారు. బోస్టన్‌లో రాబర్ట్ ష్వార్ట్జ్, విలియం డామెషెక్ దానిని కుందేళ్ళకు ఇస్తే, పరాయి మాంసకృత్తును ఎక్కించినా అవి ప్రతిరక్షకాలు చేయలేదు. 1959లో వచ్చిన ఈ ఫలితం చదివి, లండన్‌లో రాయ్ కాల్న్ అనే యువ శస్త్రవైద్యుడు మూత్రపిండం మార్చిన కుక్కలకు ఆ మందు ఇచ్చి చూశాడు. ఆ తరువాత అమెరికా వెళ్ళి ఎలియన్, హిచింగ్స్ చేసిన మరో రూపాన్ని పరీక్షించాడు. అదే అజాథయోప్రిన్. ఆ కుక్కలలో లాలీపాప్ అనే దానికి పేరు మిగిలింది. పరాయి మూత్రపిండంతో అది నెలల తరబడి బతికింది. మిగతావాటిలో చాలావాటికి పేర్లు కూడా మిగల్లేదు.

అదే రాబర్ట్ ష్వార్ట్జ్ 1965లో రాబర్ట్ లూయిస్ అనే పశువైద్యుడితోనూ, ఇతరులతోనూ కలిసి కుక్కలకు వచ్చే లూపస్ జబ్బును తొలిసారిగా వివరించాడు. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, కీళ్ళు, మూత్రపిండాలు అన్నింటి మీదా ఒకేసారి దాడి జరిగే జబ్బది. మనుషులకు, ముఖ్యంగా స్త్రీలకు, వచ్చేదే. మందుకు దారి చూపినవాడే జబ్బును కుక్కలో గుర్తించడం, కుక్కల మీద పరీక్షించిన మందు చివరకు కుక్కకే ఇవ్వడం, చిట్టి అర మాత్రను బెల్లం ముక్కలో దాచిపెడుతున్నప్పుడల్లా గుర్తుకు వచ్చేవి.

మూడోది డాక్సీసైక్లిన్. ఇది క్రిములను చంపే మందు. సొంత కణాల మీద పగబట్టిన జబ్బుకు దీనితో పనేమిటని అడిగాను. మన ఎండల్లో పిడుదులు కరవని కుక్క అరుదనీ, పిడుదులు మోసుకొచ్చే సూక్ష్మజీవులే ఒక్కోసారి ఈ పగను రాజేస్తాయనీ, పరీక్షల్లో తేలే లోపు అవి లేవని అనుకోవడానికి లేదనీ చెప్పాడు. ఈ పిడుదు జ్వరాల చరిత్రలో మనకు దగ్గరి పుట ఒకటి ఉంది. మద్రాసులో దొరలు గుంటనక్కలను వేటాడటానికి 'మద్రాస్ హంట్' పేరుతో వేటకుక్కలను పెంచేవారు. పాటన్ అనే శాస్త్రవేత్త 1910లో ఆ కుక్కల ఎర్రకణాల్లో ఒక చిన్న పరాన్నజీవిని చూశాడు. తరువాత అది వేటాడబడే నక్కల్లోనూ కనబడింది. ఈనాడు దానిపేరు బబీసియా గిబ్సోనై. అది చొరబడిన ఎర్రకణాన్నే కాదు, చొరబడని కణాలను కూడా శరీరం అనుమానించి చంపుతుంది. కూంబ్స్ పరీక్ష చేస్తే అవునని వస్తుంది. అంటే చూడటానికి స్వయంప్రతిరక్షక వ్యాధే, వెనుక ఉన్నది మాత్రం పిడుదు. దానికి మందులు వేరే ఉన్నాయి. డాక్సీసైక్లిన్ పూర్తిగా పనిచేసేది దాని తోడుదొంగ మీద.

ఆ తోడుదొంగను 1935లో అల్జీరియాలో డోనాషియన్, లెస్తోకార్ అనేవారు పిడుదులు పట్టిన కుక్కల్లో కనిపెట్టారు. 1945లో దాని ప్రజాతికి ఎర్లిక్ గౌరవార్థం ఎర్లికియా అని పేరు పెట్టారు. శరీరం తనమీద తాను తిరగబడదని చెప్పినట్టు పేరుబడ్డ మనిషి పేరే, శరీరాన్ని దాని ప్లేట్‌లెట్ల మీదికి ఉసిగొలిపే సూక్ష్మజీవికి తగులుకొంది! వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు ముక్కుల్లో నెత్తురు కారి వందల సంఖ్యలో చచ్చిపోయే దాకా దీనిని పెద్ద జబ్బుగా ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు ఆదుకొన్నది టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులే.

ఆ కుటుంబానికి మూలపురుషుడు ఆరియోమైసిన్. అది అమెరికాలోని మిస్సోరీలో ఒక పొలం మట్టిలో బతికే సూక్ష్మజీవి చేసుకొనే పదార్థం. లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త దానిని వెలికితీశాడు. ఆ పరిశోధనకంతటికీ అధిపతి భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆరియోమైసిన్‌ను 1948 వేసవిలో లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే ఆయన నిద్రలో పోయాడు. మేయో క్లినిక్‌లో తొలి కార్టిసోన్ సూది ఇచ్చింది ఆ తరువాతి నెలలో. ఆయన బృందం చేసిన మరో మందు అమైనాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అదే ఏడాది రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. దాని చెల్లెలు మెథోట్రెక్సేట్‌ను ఈనాడు కీళ్ళవాతం వంటి స్వయంప్రతిరక్షక వ్యాధులకు లక్షలమంది వాడుతున్నారు. చిట్టి చీటీలో ఒక భీమవరం వాసి సంతకం కనబడని సిరాతో ఉన్నదని తెలిసిన రోజున ఇంట్లో అందరినీ పిలిచి చెప్పాను. మా అమ్మ మాత్రం "అయితే ఆ మాత్రకు చేదు తగ్గించి ఉండవలసింది" అంది.

ఇక రెండో చీటీ.

పసుపులోని రంగు పదార్థాన్ని 1815లోనే విడదీశారు. దానికి వాపును తగ్గించే గుణం ఉన్నమాట ప్రయోగశాలల్లో నిజం. చిక్కల్లా, మింగిన కుర్కుమిన్ నెత్తురులోకి చేరేది బహు స్వల్పం. బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాల పరిశోధకులు 1998లో మిరియాల్లోని పైపరిన్‌ను కలిపి ఇస్తే మనుషుల్లో అది 20 రెట్లు ఎక్కువగా చేరుతుందని చూపారు. మిరియం ఆ పని ఎలా చేస్తుంది? పరాయి పదార్థాలను వదిలించుకొనే కాలేయం పనిని మందగింపజేసి. పసుపు కోసం చేసిన ఆ మందగింపు పక్కనే ఉన్న ఇతర మందుల మీద కూడా పడవచ్చునని పసుపు ముద్ద చేసి పెట్టమనేవారెవరూ చెప్పరు.

అతిమధురం కథ ఇంకా గట్టిది. నెదర్లాండ్స్ వైద్యుడు రెవర్స్ 1946లో కడుపు పుండ్లకు అతిమధురం సారం ఇచ్చి మేలు చూశాడు. కొందరికి ఒళ్ళు నీరుపట్టడమూ చూశాడు. కారణం 1980ల చివరలో తేలింది. శరీరం తన కార్టిసోల్‌ను పని అయ్యాక నిర్వీర్యం చేసే ఎంజైముకు అతిమధురం అడ్డుపడుతుంది. దానితో కార్టిసోల్ ఎక్కువసేపు బతికి, మూత్రపిండాల్లో ఉప్పును పట్టి ఉంచి పొటాషియంను బయటికి పంపుతుంది. కాబట్టి అతిమధురం పనిచేయదనడం తప్పు. అది స్టెరాయిడ్ దారిలోనే, స్టెరాయిడ్ చేతుల మీదుగానే పనిచేస్తుంది. చిట్టి విషయంలో నేను చేసిన పని చూడండి: మాత్రలు ఆపి, మూడు వారాలుగా నిద్రపోతున్న గ్రంథి నుండి రాని కార్టిసోల్‌కు ఆయువు పెంచే మూలిక పెట్టాను. దీపంలో నూనె లేకుండా వత్తి ఎగదోసినట్టు.

బొప్పాయి ఆకు రసం డెంగీ రోజుల నుండి మన ఊళ్ళలో ప్లేట్‌లెట్ల మందుగా స్థిరపడింది. ప్లేట్‌లెట్లు ఎందుకు పడిపోయాయన్న ప్రశ్నకు అది జవాబు కాదు కాబట్టి దాని గురించి ఇంతకంటే రాయను.

వెల్లుల్లి గురించి మాత్రం రాయక తప్పదు. చిట్టి పడిపోవడానికి ముందు రెండు వారాలు, పిడుదులు పోతాయని ఎవరో చెబితే రోజూ నేతిలో వేయించిన వెల్లుల్లి రెబ్బలు పెట్టాను. గోల్డ్‌బర్గర్ సహచరుడు సెబ్రెల్ 1930లో ఉల్లిపాయలు మేపిన కుక్కలకు రక్తహీనత వస్తుందని రాశాడు. ఉల్లి, వెల్లుల్లి జాతిలోని గంధకపు పదార్థాలు కుక్క ఎర్రకణంలోని హీమోగ్లోబిన్‌ను తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ముద్దలు కణం అంచున మొటిమల్లా కనబడతాయి. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంవారు 2000లో ప్రచురించిన ప్రయోగంలో, కిలో బరువుకు 5 గ్రాముల వెల్లుల్లికి సమానమైన రసం ఏడు రోజులు ఇస్తే ఈ మార్పులన్నీ వచ్చాయి. ఆ కుక్కలేవీ చావలేదు, తీవ్ర రక్తహీనతా రాలేదు. నేను పెట్టింది అందులో ఎన్నో వంతు. చిట్టి జబ్బుకు అదే కారణమనే హక్కు నాకు లేదు. అయినా మా వంటింట్లో తాలింపు వాసన వచ్చినప్పుడు కొన్నాళ్ళు నాకు గుబులుగానే ఉండేది.

గోల్డ్‌బర్గర్ పేరు వచ్చింది కనుక ఒక మాట. పెల్లాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బుకు కుక్కల్లో వచ్చే నల్లనాలుక వ్యాధి జోడీ అని చూపినవారు ఆయన బృందంవారు. 1937లో విస్కాన్సిన్‌లో ఎల్వెహ్యెమ్ నికోటినిక్ ఆమ్లంతో, దాని రూపమైన నియాసినమైడ్‌తో ఆ కుక్కలను బాగుచేశాడు. ఆ విటమినును టెట్రాసైక్లిన్‌తో కలిపి ఇస్తే ముక్కు మీది చర్మం పొలుసులూడే ఒక రకం లూపస్ చాలా కుక్కల్లో తగ్గుతుందని 1992లో అమెరికా పశు చర్మవైద్యులు ప్రకటించారు. స్టెరాయిడ్ లేని చికిత్స అది. ఒకటి విటమిను, రెండోది మట్టిలోని సూక్ష్మజీవి సొత్తు. దీనిని ఏ చీటీలో రాయాలి?

సైక్లోస్పోరిన్ కూడా అంతే. నార్వేలోని హార్డంగర్ పీఠభూమి మట్టిలో దొరికిన బూజు నుండి వచ్చింది. సాండోజ్ కంపెనీలో 1972లో దాని గుణం బయటపడింది. మనుషుల అవయవ మార్పిడికి 1983లో అమెరికా అనుమతి వచ్చింది. కుక్కల కథ ఇక్కడ ముందుకు దూకుతుంది. కన్నీటి గ్రంథుల మీద శరీరమే దాడిచేసి కళ్ళు ఎండిపోయే జబ్బు కుక్కల్లో తరచు వస్తుంది. వెనకటి వైద్యం వింటే ఆశ్చర్యమేస్తుంది: లాలాజల నాళాన్ని కోసి, దారి మళ్ళించి, కంట్లోకి కుట్టేవారు. అన్నం చూస్తే ఆ కుక్క కళ్ళలో నీళ్ళు తిరిగేవి! జార్జియా విశ్వవిద్యాలయంలో రెనీ కాస్వన్ అనే పశునేత్రవైద్యురాలు సైక్లోస్పోరిన్‌ను కంటి మందుగా చేసి, కుక్క తన కన్నీరు తానే కార్చేట్టు చేసింది. కుక్కల మందుకు 1995లో అనుమతి వచ్చింది. అదే సూత్రంతో మనుషుల చుక్కలమందు 2002 చివరలో వచ్చింది. కుక్క ముందు, మనిషి వెనుక నడిచిన అరుదైన సందర్భమిది.

మన పెద్దల గ్రంథాల్లో ఈ జబ్బుకు మందు ఉన్నదని నాతో వాదించిన మిత్రుడికి ఇక్కడే జవాబు చెప్పాలి. ఏనుగులకు పాలకాప్యుడి హస్త్యాయుర్వేదం ఉంది. గుర్రాలకు శాలిహోత్రుడి సంప్రదాయం ఉంది. పాండురోగమూ కామెర్లూ మనవారికి బాగా తెలుసు. కాని తెల్లబడ్డ చిగుళ్ళ వెనుక పిడుదు ఉందా, కడుపులో పురుగులు ఉన్నాయా, తనమీద తనకే పగ ఉందా అని వేరుచేసే సాధనం 1945కు ముందు ప్రపంచంలో ఎక్కడా వైద్యుల చేతికి రాలేదు, ఇంగ్లీషువాడి చేతికి కూడా. వేరుచేయలేని రోగానికి ప్రత్యేకమైన మందు ఉండేదనడం మన పెద్దలను గౌరవించడం కాదు, వారిచేత వారు చెప్పని మాట చెప్పించడం.

టీకాల సంగతి కూడా కొందరు ఎత్తారు. ఈ రక్తహీనత వచ్చిన 58 కుక్కల్లో సుమారు నాలుగో వంతుకు అంతకు ముందు నెలలోపే టీకాలు వేశారని డువాల్, గీగర్ 1996లో రాశారు. ఆ తరువాతి అధ్యయనాలన్నీ దానిని సమర్థించలేదు. జబ్బు వచ్చి తగ్గిన కుక్కకు ఏ టీకా వేయాలి, ఏది మానాలి అని వైద్యుడితో ఆలోచించుకోవలసిందే. రేబిస్‌తో ఏటా మనుషులు చచ్చిపోయే దేశంలో ఆ ఒక్క టీకానూ మానమని పొరుగువాడికి సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు.

చిట్టి రెండోసారి లేవడానికి మొదటిసారికంటె ఎక్కువ రోజులు పట్టింది. ఒక పొరుగు కుక్క నెత్తురు ఎక్కించారు. గడ్డలు కట్టకుండా మరో మాత్ర చేరింది, ఈ జబ్బులో కుక్కలను చంపేది నెత్తురు తక్కువ కావడం కంటె ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డకట్టడమేనట. తరువాత తగ్గింపు మొదలైంది. క్యాలెండరు మీద గళ్ళు గీసి, ఒకటిన్నర, ఒకటింబావు, ఒకటి, ముప్పావు అని రాసుకొన్నాను. ప్రతి మెట్టు దగ్గరా గాజు పలక మీద ఒక చుక్క. మధ్యలో ఒకసారి పలుకులు కనబడినట్టే ఉండి మెట్టు వెనక్కి వెళ్ళాం. పసుపు మానలేదు, పెరుగన్నంలో చిటికెడు వేసేవాళ్ళం. వైద్యుడు చూసి ఊరుకొన్నాడు. అతిమధురం డబ్బాను మాత్రం పై అలమరలోకి ఎక్కించాం.

ఏడో నెలలో పావు మాత్ర, రోజు విడిచి రోజు. ఎనిమిదో నెలలో ఆయన పలకను దీపానికి ఎదురుగా పట్టి వంచాడు. నెత్తురు సాఫీగా, సన్నటి ఎర్రటి పొరలా ఒక అంచు నుండి మరో అంచుకు పారింది. చిట్టి బల్ల మీదనుంచి తానే దూకి, తలుపు దగ్గర నిలబడి, ఎవరైనా తెరుస్తారేమోనని చూస్తోంది.